దాగెస్తాన్ పాఠమూ తూము పక్క ఎకరమూ

మచిలీపట్నంలో కాపురముంటూ భూగోళం పాఠాలు చెప్పి బతికిన వల్లూరుపల్లి కాంతారావు అను నేను, యాభై మూడో ఏట, లివరు చెడినా తెలివి చెడకుండా, ఎవరి బలవంతమూ లేకుండా నా చేత్తో రాసుకున్న వీలునామా. దేవుడి సాక్షిగా అని రాయను.

1. నా శవాన్ని వైద్య కళాశాలకి ఇవ్వాలి. కర్మకాండ చేసినవాడు నా వారసుడు కాడు.

2. బందరు ఇల్లు నా భార్య వసుంధరది. ఉపాధ్యాయుల బృందంతో వెళ్ళినప్పుడు దాగెస్తాన్ నుంచి తెచ్చిన గొర్రెలకాపరి ఉన్ని అంగీ కూడా ఆమెదే. మంగినపూడి ఎండలో ఇది కప్పుకుంటే మనిషి ఉడికిపోతాడని నవ్వుతూనే, ఏటా వేపాకు వేసి దాచింది. అయినా పురుగు పట్టింది.

3. దివిసీమలో మా పంటకాలవ ఎగువన, తూము పక్కనున్న ఎకరం గురించి. ముందు పాఠం వినాలి.

కాస్పియన్ సముద్రానికి పడమట, కాకసస్ కొండల్లో, రష్యా ఏలుబడి కిందనున్న కొండసీమ దాగెస్తాన్. అవార్లు, దార్గిన్లు, కుమిక్‌లు, లెజ్గిన్లు, లాక్‌లు, ఇంకా ఎందరో. ముప్పై పైచిలుకు జాతులు. లోయ దాటితే భాష మారుతుంది. కొండ మీద నీళ్ళున్నాయి, చలికాలం గడ్డి లేదు. మెట్లు మెట్లుగా చెక్కిన చేల గింజలు ఏడాదికి చాలవు. మందలు కుమిక్‌ల మైదానానికి దిగాల్సిందే. మైదానానికి ఆ ఉన్నీ జున్నూ కావాలి. అక్కడ ఎగువవాడికి దిగువవాడితో పని ఉంది.

మన కాలవ మీద ఆ పని ఉందా? మావాళ్ళ మడులు నిండి పొర్లితేనే శివారున పేటవాళ్ళకి నీళ్ళు. అందుకే ఆ ఎకరం శివారు రైతు ఏసుపాదానికి రాశాను. తూము దగ్గర అతనుంటే మావాళ్ళకి అతనితో పని పడుతుంది.

ఈ ఆగస్టులో దాగెస్తాన్‌లో యుద్ధం వచ్చిందని పేపరు పట్టుకొచ్చాడు నా తమ్ముడు నరసింహం. “నీ కొండలవాళ్ళే తన్నుకు చస్తున్నారు. మన తూముకి వాళ్ళ బుద్ధులెందుకన్నయ్యా?” అన్నాడు. అక్కడి ప్రభుత్వం వెనకటికి మందల్ని కాదు, కొండజనాన్నే దించి మైదానంలో కాపురాలు పెట్టించింది. తర్వాత ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. పొరుగు నుంచి తుపాకులొచ్చాయి. ఇది జాతుల జబ్బు కాదు నరసింహం. నీకు చెప్పి లాభం లేదు, అయినా చెబుతున్నాను.

4. మూడో అంశం ఏసుపాదానికి చదివి వినిపించాను.

“తూము కాడ నేనుంటే మీవాళ్ళు నీళ్ళడగరు మేష్టారూ. నన్ను కొట్టి నీళ్ళు తిప్పుకుంటారు. పిల్లలున్నారండి, నా పేరు తీసెయ్యండి” అన్నాడు.

వాదించాను. తర్వాత తట్టింది. ఆ కొండల్లో మంద వెనక ఊరు ఊరంతా దిగుతుంది. ఇక్కడ నేను ఒక్క మనిషిని నిలబెట్టబోయాను. పేరు కొట్టేశాను. ఇంకెవరికి రాసినా కోర్టుకి లాగుతానన్నాడు నరసింహం. వసుంధర చేత ఆ మెట్లెక్కించలేను. ఎకరం నరసింహానికే. నా వ్యాసాల కట్టలూ అతనికే. పొయ్యిలో పెట్టుకునే ముందు ఒక్కటైనా చదవాలి.

దీన్ని అమలు జరిపే భారం వసుంధరది. సాక్షి సంతకమైతే పెడతానండీ అని ఏసుపాదం ఒప్పుకున్నాడు.

మచిలీపట్నం, 14 నవంబరు 1999
(సం.) వల్లూరుపల్లి కాంతారావు

సాక్షులు:
1. (సం.) అనంతపద్మనాభం, తోటి ఉపాధ్యాయుడు
2. (సం.) ఏసుపాదం, శివారు రైతు