మిగిలిన ఒక్క మాట

మాచర్ల,
1944, మాఘమాసం.

నన్ను ఎత్తుకుని పెంచిన జక్కయ్యన్నకి,

ప్రాణాలతో ఉన్నాం. అంతకు మించి క్షేమమని రాయడానికి చెయ్యి రావడం లేదు. క్వారీలో మందు పెట్టి పేల్చినప్పుడు రాయి ఎగిరొచ్చి మీ బావ ఎడమ కణతకి తగిలిందని కబురు పంపాను గదా. పుండు మానింది. కుడి చెయ్యి వేలాడుతూనే ఉంది, అదీ ఓర్చుకుంటాను. ఓర్చుకోలేనిది నీకు చెప్పకుండా దాచాను. తెలివొచ్చిన నాటి నుంచి ఆయన నోట ఒక్కటే మాట, "మాణిక్యం". నీళ్ళు కావాలన్నా మాణిక్యమే, కోపమొచ్చినా మాణిక్యమే. ఆ మాణిక్యమ్మ మా పైవీధి మనిషి, క్వారీలో తట్ట మోస్తుంది.

మన ఇళ్ళల్లో మొగుడు పెళ్ళాన్ని పేరుపెట్టి పిలవడు. కాపురానికొచ్చినప్పటి నుంచీ "ఏమే" అన్నాడే గాని, బుజ్జమ్మా అని ఒక్కసారి అనలేదు. అది లోటని నేనూ అనుకోలేదు. అట్లాంటిది, మాటలన్నీ పోయి ఆయన నోట్లో మిగిలింది ఇంకొకతె పేరా? బావి కాడ ఆడవాళ్ళు, "ఏందే బుజ్జీ, మీ ఆయనకి మాటొచ్చిందంట గదా, ఎవరిని పిలుస్తుండాడు?" అని పకపకా నవ్వుతున్నారు. మా అత్త కోటమ్మ గాలి సోకిందని వేపమండలతో కొట్టించింది. దెబ్బలు తింటూ కూడా ఆయన అదే మాట. నాకు జాలి వెయ్యలేదన్నా. ఇంకా కొట్టండి అనుకున్నాను.

కులపెద్దల ముందు పుల్ల విరిచి తెగతెంపులు చేసుకుంటాను. శివరాత్రి పోయాక కూర్చుంటామన్నారు. బిడ్డనెత్తుకుని వస్తే నీ ఇంట్లో ఓ మూల చోటిస్తావా?

నీ చెల్లెలు,
బుజ్జమ్మ.


గుంటూరు.

నా చిట్టి చెల్లి బుజ్జికి,

చోటిస్తావా అని అడుగుతావా పిచ్చిదానా? నీ ఉత్తరం చదివి వినిపించగానే మీ వదిన బియ్యం డబ్బా వైపు చూసి, "ఇంకో గిద్దె ఎక్కువ పోస్తే సరి" అంది. రావాలనుకుంటే రా. కానీ ఒక సంగతి విను.

నేను కట్లు కట్టే వార్డులో ఒక సిపాయి ఉన్నాడు. యుద్ధంలో తల పగిలింది. ఏమడిగినా "రైలు, రైలు" అంటాడు. వాళ్ళమ్మ వచ్చినా రైలే. పిచ్చివాడని నేనూ అనుకున్నాను. పెద్ద డాక్టరుగారిని బావ సంగతి అడిగితే కూర్చోబెట్టి చెప్పారు. మనిషి మెదడులో మాటలకి ఒక చోటుందట, చాలామందికి ఎడమవైపే. అక్కడ దెబ్బ తగిలితే తెలివి పోదు, మమకారం పోదు, ఎదుటి మాట ఎంతో కొంత తెలుస్తూనే ఉంటుంది. చెప్పాలనుకున్నది లోపల ఉంటుంది, నోటికి రావడానికి దారి ఉండదు. కొందరికి ఒకే ఒక్క మాట మిగులుతుంది. దెబ్బ తగిలే క్షణాన నోట్లో ఉన్న మాటే అట్లా నిలిచిపోవడం కూడా కద్దట. ఆ కుడి చెయ్యి పడిపోవడమూ ఆ దెబ్బ వల్లేనట.

ఆ క్షణాన ఆ పేరు బావ నోట్లో ఎందుకుందో డాక్టరుకి తెలియదు, నాకూ తెలియదు. మాణిక్యమ్మనే అడుగు. తర్వాత పుల్ల విరుస్తావో మానుతావో నీ ఇష్టం, నీ వెనక నేనున్నాను. వేపమండలు మాత్రం మాన్పించు తల్లీ. అది దెయ్యం కాదు, దెబ్బ.

నీ అన్న,
జక్కయ్య.


మాచర్ల.

అన్నా,

నీ ఉత్తరం చూసుకుని మాణిక్యమ్మ గుమ్మం ఎక్కాను, చీల్చేద్దామన్నంత కోపంతోనే. నన్ను చూడగానే ఆమె నిలువునా కూలబడి ఏడ్చింది. "మందు అంటించినారని తెలియక తట్టతో అడ్డంగా పోతన్నానక్కా. మీ ఆయన నా పేరు పెట్టి అరుస్తా నాకేసి ఉరికొచ్చినాడు. నేను పక్కకి దూకినాను, రాయొచ్చి ఆయన్ని కొట్టింది. అందరికీ చెబుదామంటే, అసలే ఊరు నోరు మంచిది కాదు, మా ఇంటాయన నరుకుతాడని నోరు మూసుకున్నా" అంది. ఇంకేమైనా ఉందా అని అడగబోయి మానుకున్నాను. గుండెలో మంట మొత్తం ఆరిందని నీతో అబద్ధం చెప్పను.

పంచాయతీ రోజు ఏం చెయ్యాలో తేల్చుకోకుండానే వెళ్ళాను. పెద్దమనిషి పెదకోటయ్య మామ పుల్ల నా చేతికిచ్చాడు. మీ బావ ఆ పుల్ల చూశాడు. అన్నా, ఆయనకి అంతా తెలుస్తోంది! మొహం నల్లబడింది, ఏదో చెప్పాలని గింజుకున్నాడు. చివరికి వచ్చింది ఆ ఒక్క మాటే, "మాణిక్యం". జనం గొల్లుమన్నారు. ఆయన నన్నే చూస్తూ కళ్ళనీళ్ళతో మళ్ళీ అన్నాడు. నీళ్ళడిగేటప్పుడు అనేది అట్లా ఉండదు. అది బతిమాలుకోవడం.

నేను పుల్ల కింద పడేసి, "ఊఁ, ఇక్కడే ఉండా" అన్నాను.

"ఏందమ్మే, మాణిక్యమంటే పలుకుతావేంది? అది నీ పేరా?" అన్నాడు పెదకోటయ్య మామ.

"ఏమే అనేది మాత్రం నా పేరా మామా? ఇన్నేళ్ళూ దానికి పలకలా?" అన్నాను.

నీ చెల్లెలు,
బుజ్జమ్మ.