బావ కుర్చీలో

ఆదివారం రాత్రి

నెలల తరబడి కూర్చుని నేను లాంచర్‌లో (గేములన్నీ ఒకేచోట చూపించి తెరిచే సాఫ్ట్‌వేర్) సర్దుకున్న పాత వీడియో గేములన్నీ బావ తన గేమ్స్ షాపు కోసం కాపీ చేసుకుపోయాడు. ఇవాళ చర్చి బయట, నా ముందే, అందరితో "నేనే సెట్ చేసిన, రేపు పిల్లల్ని మట్టెవాడ షాపుకు పంపుండ్రి" అన్నాడు. ఒళ్ళు మండిపోయింది.

సాయంత్రం ఫోన్ చేశాడు. "బామ్మర్దీ, బొమ్మలు కనవడ్తానయ్ గని ఏది నొక్కినా గేమ్ ఓపెన్ అయితలేదు. జర చెప్పరాదు."

లాంచర్ ఇంకా నా కంప్యూటర్‌లోని ఫోల్డర్ కోసమే వెతుకుతోంది. సెట్టింగ్స్‌లో ఒక్క లైను మారిస్తే చాలు. ఆ సంగతి చెప్పకుండా, "లాంచర్ తీసేసి మళ్ల ఎక్కియ్యి బావా" అన్నాను. రెండుసార్లు చేయించాను.

వెనక నుంచి అక్క అరిచింది: "నేనే చేసిన అంటివి గదా, నువ్వే బాగ చేస్కో!" ఎంత హాయిగా ఉందో.

కానీ ఆ పిల్లలు... పాపం, వాళ్ళేం చేశారు?

రేపు నేనూ వెళ్తాను. బావకు చెమటలు పట్టేదాకా వెనకాలే నిలబడతాను. తర్వాత అందరూ చూస్తుండగా ఆ లైను మారుస్తాను, బావ కుర్చీలోనే కూర్చుని.