కర్రిదాని మెడలో పట్టంచు

ధర్మవరం, బుధవారం

నిద్ర పట్టడం లేదు. మెడకు పట్టీ ఉన్నవే పెంపుడు కుక్కలని, లేనివాటిని రేపు బండి వచ్చి పట్టుకుపోతుందని పొద్దున మున్సిపాలిటీ ఆటో మైకులో చెప్పుకుంటూ పోయింది. మా వాకిట్లో పడుకునే నల్ల వీధికుక్కని, కర్రిదాన్ని, పెంచుతున్నానని నేనెప్పుడూ అనుకోలేదు. అన్నం మిగిలితే వేస్తాను, అంతే. అయినా ఆ మాట చెవిన పడగానే మగ్గం దిగి, చెడిపోయిన చీరలోంచి ఎర్ర పట్టంచు ముక్క కోసి దాని మెడకు కట్టాను.

సాయంత్రం ఎదురింటి రమణమ్మక్క మనవరాలు ఆడుకుంటూ దాని తోక తొక్కింది. కర్రిది పిల్ల పిక్క పట్టుకుని కరిచేసింది. ఆసుపత్రిలో పిల్లకు సూది వేయించుకుని వచ్చాక అక్క నేరుగా మా గడప దగ్గరికి వచ్చింది.

"ఏమ్మే, దాని మెడలో మీ అంచే ఉండాది. నువ్వే కదా సాకుతాండేది?"

"నాది కాదక్కా. ఎవరు కట్టినారో ఏమో."

ఆ మామిడిపిందెల అంచు ఈ వీధిలో మేము తప్ప ఎవరూ నేయరని ఆమెకు తెలుసు. కర్రిదాని మెడ వైపు ఒకసారి చూసి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది.

అంచు ఉంటే నా అబద్ధం వీధి అంతటికీ తెలిసిపోతుంది. లేకపోతే రేపు బండి... మళ్లీ ఏ పిల్లనైనా కరిస్తే?

ఇందాక వాకిట్లోకి వెళ్లాను. అన్నం తెచ్చాననుకుని తోకాడిస్తూ వచ్చింది. ముడి మీద చెయ్యి వేస్తే కదలకుండా మెడ చాచింది.

అంచు ఇప్పుడు నేను రాసుకుంటున్న ఈ పుస్తకం పక్కనే ఉంది. తలుపు అవతల అది ఇంకా అన్నం కోసం గీకుతోంది.