పడవ ఆగదు

సెయింట్ జేమ్స్, లూసియానా
బుధవారం

ఆల్సీడ్,

మీ పడవకు సరుకులు తెచ్చే అతని చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. నిన్న తెల్లవారుజామున మీ నాన్న పోయాడు. నిన్ను ఇక్కడ దింపమని మీ పడవ కంపెనీకి ఫోను చేశాను.

“నదిలో నీళ్ళు తగ్గి ఇప్పటికే ఆలస్యమైందమ్మా. రేవులో ఓడలు ధాన్యం కోసం కాచుకున్నాయి. అతనికి బదులు మనిషి లేడు, ధాన్యం బార్జీలను నెట్టే పడవను ఆపలేం” అన్నాడు మేనేజరు.

“ధాన్యం మళ్ళీ పండుతుంది. వాడి తండ్రిని మళ్ళీ పాతిపెట్టలేం నాయనా” అన్నాను. ఫోను పెట్టేశాడు.

నదిలో దూకి ఈదుకుంటూ రావద్దు. శనివారం మధ్యాహ్నం మీ పడవ మన చర్చి ముందునుంచే వెళ్తుందని ఆ సరుకులతను చెప్పాడు. శ్మశానానికి తీసుకెళ్ళేముందు శవపేటికను నది గట్టు మీదికి చేర్పిస్తాను. ఫాదర్ ఒప్పుకున్నారు. గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, మన ఒడ్డు వైపు నిలబడు. నువ్వు కనుమరుగయ్యేదాకా పెట్టెను ఎవరినీ ఎత్తనివ్వను.

మీ నాయనమ్మ