గ్రేసీ ఎవరు?

నాచారం,
జనవరి 12

ప్రియమైన గ్రేసీకి,

క్రిస్మస్‌కు రాసిన ఉత్తరం తిరిగొచ్చింది. అలాంటి మనిషి ఇక్కడ లేదని కవరు మీద ముద్ర కొట్టారు. తప్పు నాదే. అలవాటుగా గ్రేసీ అని రాశాను. ఈసారి కవరు మీద పాస్‌పోర్టులో ఉన్నట్టు తారామణి అని రాశాను. పెళ్ళైనప్పటి నుంచి ఆ పేరుతో నిన్ను ఒక్కసారైనా పిలిచానా? రైల్వే షెడ్డులో నేను శశిధర్‌ని, నర్సింగ్ కాలేజీలో నువ్వు తారామణివి. ఇంట్లో, చర్చిలో పీటర్, గ్రేసీ. మన సంఘంలో సగం మందికి రెండేసి పేర్లే కదా.

ఫోన్లు రికార్డు చేస్తారన్నావు కాబట్టి ఇక ఉత్తరాలే. తెలుగు చదివేవాళ్ళు ఆ డిటెన్షన్ సెంటర్‌లో ఉండరులే.

అమెరికా సుప్రీంకోర్టు వాదనలు ఉప్పల్ మెట్రో స్టేషన్‌లో కూర్చుని ఫోన్‌లో విన్నాను. సగం అర్థం కాలేదు. నీలాగా వీసా గడువు దాటినవాళ్ళను జడ్జి ముందుకు తేకుండా ఎన్నాళ్ళైనా బంధించవచ్చా అన్నదే కదా తగవు? రాజ్యాంగంలో ‘ఏ మనిషినీ’ అని ఉంది, ‘ఏ పౌరుణ్ణీ’ అని లేదు అని ఒక లాయరమ్మ అంటుంటే స్టేషన్‌లోనే ఏడుపొచ్చింది. ఆ తీర్పు ఎప్పుడొస్తుందో తెలియదు. ఈలోగా నిన్ను వదలాలా వద్దా అని మీ కింది కోర్టు నీ మాట వింటానన్నది, అదే పదివేలు.

నువ్వు నమ్మదగిన మనిషివని రాసివ్వమని నీ లాయరు అడిగాడు. పాస్టరుగారు రాశారు, సంఘమంతా సంతకాలు పెట్టారు. నీ బాప్తిస్మం నుంచి సండే స్కూల్ పాటల దాకా ఏదీ వదల్లేదు. నిన్ను తీసుకుపోయినప్పటి నుంచి, అక్కడే పుట్టిన మన పాప సిరి ఎవరి ఇంట్లోనో ఉంది. మూడేళ్ళ పిల్ల, నేనింకా ఒక్కసారైనా ఎత్తుకోలేదు. నువ్వు బయటికి రా, దాన్ని నీ చేతికిస్తారు.

నీ పీటర్

డిటెన్షన్ సెంటర్, లూసియానా,
ఫిబ్రవరి 9

ప్రియమైన బావకు,

సంఘం ఉత్తరం చూసి మురిసిపోయాను. ఆ సంతోషం ఒక్కపూటే. లాయరు దాన్ని కోర్టులో పెట్టగానే ప్రభుత్వ లాయరు లేచి, గ్రేసీ ఎవరు అన్నాడు. ఉత్తరం గ్రేసీ గురించి, ఇక్కడున్నది తారామణి. రెండు పేర్లతో తిరిగే మనిషిని వదిలితే మళ్ళీ దొరుకుతుందా అన్నాడు. వచ్చే వాయిదాలో ప్రమాణం చేసి జవాబు చెప్పమన్నాడు జడ్జి.

ఏం చెప్పను? ముద్దుపేరు అందామంటే, బాప్తిస్మంలో పెట్టిన పేరని పాస్టరుగారు వివరంగా రాశారు. నా నర్సింగ్ కాగితాల్లో హిందూ, ఎస్సీ అని ఉంది. అవీ వాళ్ళ ఫైల్లో ఉన్నాయి. క్రైస్తవులమంటే మనకు ఆ రిజర్వేషన్ లేదు. నా సీటూ, నీ నౌకరీ దానితోనే వచ్చాయి. నేను నిజం చెబితే అది కోర్టు రికార్డు. ఎవరో ఒకరు నీ షెడ్డుకు చేరవేస్తారు. నీ జీతం పోతే ఈ లాయరు ఉండడు. సిరి కోసం కొట్లాడేవాళ్ళు ఉండరు.

మొన్న దాన్ని స్క్రీన్ మీద చూపించారు. నన్ను చూసి నవ్వి, పక్కనున్నామె ఒళ్ళో ముఖం దాచుకుంది. నాకు పిచ్చెక్కేలా ఉంది బావా.

వాయిదా మార్చి రెండో వారంలో. త్వరగా రాయి. కింద ఏ పేరు పెట్టాలో తెలియడం లేదు.

నీ భార్య

నాచారం,
మార్చి 3

ప్రియమైన గ్రేసీకి,

నీ ఉత్తరం నిన్న చేరింది. నిజమే చెప్పు. నా నౌకరీ ఫికర్ నీకొద్దు.

బాప్తిస్మం తీసుకున్నాక ఊరి హోటల్లో మన తాత గ్లాసును అందరి గ్లాసులతో కలిపారా? చచ్చేదాకా ఆయన గ్లాసు విడిగానే ఉంది. ఆదివారం ఎక్కడ ప్రార్థన చేసినా, సోమవారం అదే ఊళ్ళో తిరగాలి కదా. అందుకే మనవాళ్ళు కాగితాల్లో పాత పేర్లు ఉంచుకున్నారు. ఆ మాటే జడ్జికి చెప్పు. నల్లవాళ్ళను బస్సులో వెనక కూర్చోబెట్టిన దేశమది, అర్థం కాకుండా పోదు.

నీకు భయం లేకుండా నేనే ముందు చెప్పేశాను. మనిద్దరికీ రెండేసి పేర్లున్నాయని, మనం క్రైస్తవులమని ఇవాళ షెడ్డు ఆఫీసులో రాసిచ్చాను. కాగితం తీసుకున్న గుమాస్తా హన్మయ్యన్న చదివి దాన్ని మళ్ళీ నా వైపే జరిపాడు. “నౌకరి ఊడుతది. జర సోంచాయించు శశిధర్” అన్నాడు.

“అన్నా, నా పేరు పీటర్” అన్నాను.

దాని నకలు నీ లాయరుకు మెయిల్ చేశాను. అంతకుముందు పంపిన మెయిల్స్‌కు వారం నుంచి అతని దగ్గర్నుంచి జవాబే లేదు, ఎందుకో. ఇక నువ్వు దాచాల్సిందేమీ లేదు. ధైర్యంగా ఉండు.

నీ పీటర్

డిటెన్షన్ సెంటర్, లూసియానా,
మార్చి 6

ప్రియమైన బావకు,

వాయిదా ముందుకు జరిపారు. ఫిబ్రవరి ఆఖర్లోనే నన్ను నిలబెట్టారు. నీ జవాబు రాలేదు. చెయ్యెత్తించి ప్రమాణం చేయించి, గ్రేసీ ఎవరని అడిగారు. నీ నౌకరీ, సిరి కేసు, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. ఆమె ఎవరో నాకు తెలియదు అన్నాను. సంఘం వాళ్ళు పొరపాటున వేరే ఎవరి గురించో రాసి ఉంటారన్నాను. నాతో కలిసి పాడినవాళ్ళంతా సంతకాలు పెట్టిన కాగితం బావా అది.

ప్రభుత్వ లాయరు గొంతు కూడా పెంచలేదు. సిరిని చూసుకునే ఆఫీసర్ రాసిన రిపోర్టు తీసి చదివాడు. మీ అమ్మ పేరేమిటని అడిగితే పిల్ల ‘మమ్మీ గ్రేసీ’ అన్నదట. ఎక్కడైనా తప్పిపోతే చెప్పుకోవాలని రోజూ దానితో ఆ పేరు పలికించింది నేనే.

ప్రమాణం చేసి అబద్ధమాడిన మనిషిని వదలనన్నాడు జడ్జి. నన్ను ఇండియాకు పంపించేస్తారు. సిరి ఇక్కడే ఉంటుంది, దాని సంగతి వేరే కోర్టు చూస్తుంది. నువ్వు రాసిచ్చిన కాగితం నిన్న లాయరు చూపించాడు. ఇప్పుడది నా అబద్ధానికి ఇంకో సాక్ష్యమే అన్నాడు. నీ నౌకరీ కోసమే కదా నేను ఆ అబద్ధం ఆడింది.

పెద్ద కోర్టు తీర్పు ఇంకా రాలేదు. టీవీలో దాని ఊసు వస్తే ఇక్కడి ఆడవాళ్ళంతా పనులాపి గుమిగూడతారు. ఒక్క జడ్జి మన మాట వింటే చాలని వాళ్ళ ఆశ. నా మాట విన్నారు. పూర్తిగా, ఓపిగ్గా విన్నారు. వినేవాళ్ళు దొరికిన రోజే నేను నన్ను లేదన్నాను.

రేపు సిరిని మళ్ళీ స్క్రీన్ మీద చూపిస్తారట. అది అడగకపోయినా నా పేరు చెబుతాను. ఈ ఉత్తరం కింద కూడా అదే పెడుతున్నాను.

గ్రేసీ