కొబ్బరినూనె తాగిన పడవ

మామయ్యగారూ,

మీ బొమ్మ పడవకి ఇంకో మోటారు కొనకండి. ఉన్నది బంగారంలా ఉంది. వెనక రెక్కల్ని తిప్పే కడ్డీ ఉంది చూశారూ, దాని గొట్టంలో మీరు నా తలనూనె పోశారు. నిన్న పొద్దున చలికి ఆ కొబ్బరినూనె గడ్డకట్టి కడ్డీని పట్టేసింది. మధ్యాహ్నం ఎండకి కరిగి కారిపోయింది. ఆ సందులోంచే నీళ్ళు దూరి పడవ రెండుసార్లు తొట్టి అడుక్కి చేరింది. రోజంతా నీళ్ళ పంపులు బాగుచేసే కోడల్ని అడగడం నామోషీ కాబోలు!

గొట్టం శుభ్రంగా తుడిచాను. కిటికీలో డబ్బాడు గ్రీజు పెట్టాను. సూది లేని సిరంజితో గొట్టం నిండా ఎక్కించి, కడ్డీని మెల్లగా తిప్పుతూ దూర్చండి. అవతలి చివర గ్రీజు పొంగితే ఇక నీళ్ళకి దారి లేనట్టే. మిగిలింది వంటింటి తలుపు బందులకి రాయండి. మూడు నెలలుగా మొత్తుకుంటున్నాయి, నాలాగే.

నూనె సీసా ఖాళీ. ఇవాళ జుట్టుకి గ్రీజు రాసుకుని డ్యూటీకి వెళ్తాలెండి.

మీ కోడలు

తా.క. తుడుస్తుంటే పడవ పక్కన నా పేరు కనిపించింది. రెండుసార్లు మునిగినదానికి నా పేరే దొరికిందా? సాయంత్రం నేనొచ్చేదాకా నీళ్ళలో దించకండి. తేలడం నేనూ చూడాలి.