ఉప్పునీళ్లలో మునిగిన మోటారు

నాన్నా, నేను కులాసా. అమ్మను బెంగపడొద్దని చెప్పు.

మొన్న ఓడ అడుగున చేరే నీళ్లు తోడే పంపు మోటారు ఉప్పునీళ్లలో మునిగిపోయింది. అది ఆడకపోతే మమ్మల్ని రేవు దాటనివ్వరు. “తుక్కు కిందే లెక్క,” అన్నాడు పెద్ద ఇంజనీరు. “రెండు రోజులివ్వండి సార్, మా నాన్న ఇలాంటివి ఎన్నో బతికించాడు,” అన్నాను. విప్పి, మంచినీళ్లతో కడిగి, బల్బుల వేడికి ఆరబెట్టి, కొత్త బేరింగులు వేశాను. స్విచ్ వేశాను. మోటారు చప్పుడు లేకుండా తిరిగింది! “ఇకమీదట పంపులన్నీ నీకే అప్పగిస్తున్నానమ్మా,” అన్నాడాయన.

నీ కంటి ఆపరేషన్ వాయిదా వేయకు. అయ్యేదాకా మోటార్లకు సన్నతీగ చుట్టే పని ముట్టుకోకు. అక్కకు ఎన్నో నెల? పురుటికి తప్పకుండా వస్తాను, సెలవు ఇస్తామన్నారు.

పెద్దలకు దండాలు.

నీ కూతురు, ఓడవాళ్ల నోట ‘కరెంటమ్మ’